ఇంట్లో కుర్రాడు గంజాయి తాగుతున్నాడని తెలిశాక ఏ పని ముందు చేయాలి

ప్యాంటు జేబులో గంజాయి చుట్టుకునే రోలింగ్ పేపర్లు దొరుకుతాయి. లేదా హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది. ఆ తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. నాన్న చెయ్యి చేసుకుంటాడు, అమ్మ తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటుంది, ఫోన్ లాగేసుకుంటారు, మేనమామని పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టిస్తారు. అందరూ అడిగేది "మానేస్తావా, మానవా?" అని. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఎందుకైనా భయంగా ఉంటోందా?" అని అడిగేవాళ్లు తక్కువ.

నన్నడిగితే ఆ రెండో ప్రశ్నే ముందు అడగాలి. గంజాయి మాన్పించడానికి నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ఈలోపు కుర్రాడి మతి చెదురుతూ ఉంటే మాత్రం అన్ని నెలల గడువు మనకి ఉండదు. అందుకే ఇక్కడ చెప్పే పనుల వరుస మీ కోపానికి నచ్చకపోవచ్చు. 18 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అబ్బాయి అని రాసినా అమ్మాయిలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల విషయంలో ఇంట్లో దాపరికం ఎక్కువ కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం ఇంకా ఆలస్యమవుతుంది.

1. మత్తా, మతి చెదరడమా? ముందు ఇది తేల్చుకోండి

మత్తులో ఉన్నప్పుడు కళ్లు ఎర్రబడతాయి, నోరు ఎండిపోతుంది, ఆకలేస్తుంది, కారణం లేకుండా నవ్వొస్తుంది, కొందరికి గుండె దడ, భయం. పొగ తాగితే ఇది కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఈ మధ్య పట్టుబడుతున్న గంజాయి చాక్లెట్ల సంగతి వేరు. తిన్న అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. "ఇదేం ఎక్కట్లేదే" అని ఇంకొకటి తింటారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. అప్పుడు "చచ్చిపోతున్నాను" అని వణికిపోతుంటే గదిలో లైట్లు తగ్గించి, మంచినీళ్లిచ్చి, ఒక్కరే పక్కన కూర్చోండి. ఆ సమయంలో క్లాసు పీకొద్దు. ఛాతీలో నొప్పి వచ్చినా, పిలిస్తే పలక్కపోయినా, మగతలో వాంతి చేసుకుంటున్నా 108కి ఫోన్ చేయాలి.

మతి చెదరడం ఇలా ఉండదు. మత్తు దిగాక కూడా, తాగని రోజు కూడా కనిపిస్తుంది. పగలంతా కర్టెన్లు వేసుకుంటాడు. ఫోన్ కెమెరామీద ప్లాస్టర్ ముక్క అంటిస్తాడు. టీ కొట్టు దగ్గర ఇద్దరు నవ్వుకుంటే తనని చూసే నవ్వారంటాడు. గదిలో ఎవరూ లేకుండా జవాబులు చెబుతుంటాడు. అన్నంలో ఏదో కలిపారని అమ్మ చేతి ముద్ద పక్కకి నెట్టేస్తాడు. లేదా దీనికి పూర్తి భిన్నంగా, రెండు గంటలు పడుకుని లేచి, అలుపు లేకుండా, కోట్ల కంపెనీ పెడుతున్నానని తెల్లవార్లూ మాట్లాడుతుంటాడు.

వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించాలి. చావు మాట ఎత్తినా, ఎవరినైనా కొట్టబోయినా, వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా ఆ రోజే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉన్నాయి. మిగతా ఊళ్లవాళ్లకి ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి దగ్గర. అక్కడ సైకియాట్రీ విభాగం ఉంటుంది. అర్ధరాత్రి ఎవరిని అడగాలో తోచకపోతే 14416కి చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

చావు గురించి నేరుగా అడగండి. "ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా నాన్నా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది జంకుతారు. అలా అవదు. అడిగినందుకు గుండె తేలికపడి ఏడ్చేవాళ్లే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ప్రమాదకరమైనవి అందకుండా తీసేసి ఆసుపత్రికి బయల్దేరండి.

2. వింతగా మాట్లాడితే ఏం జవాబివ్వాలి

ఇక్కడే ఎక్కువ ఇళ్లు తడబడతాయి. "పక్కింటివాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నారు" అని వాడంటే, "నీ మొహం, నీ గురించి మాట్లాడుకోవడానికి వాళ్లకేం పనిలేదా?" అంటాం. ఆ మాటతో మీరు కూడా వాళ్లలో కలిసిపోయారని వాడికి అనిపిస్తుంది. సరే అని ఊరుకోబెట్టడానికి "అవును, నేను రేపు వాళ్లని అడుగుతాను" అన్నా తప్పే, ఆ అనుమానానికి సాక్షి దొరికినట్టవుతుంది.

ఇలా అనొచ్చు: "నాకైతే ఏమీ వినపడలేదురా. కానీ నీకు అలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో కదా. రాత్రి కాసేపైనా పడుకున్నావా?" నిద్ర గురించి అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి కూడా ఇదే దారి. "నీకు పిచ్చి పట్టింది, పద" అంటే కదలడు. "నాలుగు రాత్రులయింది సరిగా పడుకుని, నిద్రకి ఏదైనా రాస్తారేమో చూపించుకుందాం" అంటే వస్తాడు. ఇది మోసం కాదు, నిజంగానే నిద్ర పాడయింది.

3. మతి బాగానే ఉంటే అప్పుడు మాట్లాడండి, కానీ వాదనకి సిద్ధపడి వెళ్లండి

తాగి వచ్చిన రాత్రి మాట్లాడొద్దు. మర్నాడు మధ్యాహ్నం, భోజనమయ్యాక, ఒక్కరే. అన్నయ్యో అక్కో ఉంటే నాన్నకంటే వాళ్లే నయం. "ఎప్పుడు మొదలైంది? రోజూనా? ఒక్కడివే తాగుతున్నావా, ఫ్రెండ్స్‌తోనా? తాగితే ఏం బాగుంటోంది?" చివరి ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. నిద్ర కోసమంటాడు, లేదా టెన్షన్ తగ్గుతుందంటాడు, లేదా ప్లేస్‌మెంట్ రాలేదని ఏడుస్తాడు. ఒక్కడే గదిలో కూర్చుని తాగుతున్నాడంటే, అది సరదా దశ దాటి మందులా వాడుకుంటున్నాడని అర్థం.

వాడి వాదన మీకు ముందే తెలిసి ఉండాలి. "ఇది ఆకు, నేచురల్. అందరూ తాగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు." ఇందులో సగం నిజముంది. ఆ సగం ఒప్పుకోకపోతే మీ మిగతా మాట వినడు. 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో అంతకుముందు ఏడాదిలో భంగుతో కలుపుకుని గంజాయి రకాలు వాడినవాళ్లు 3 కోట్లకు పైనే. వాళ్లందరికీ మతి చెడలేదు. లేని గొంతులు వినిపించడం, గట్టి అనుమానాలు ఉండే స్కిజోఫ్రీనియా మామూలుగా జీవితకాలంలో నూటికి ఒకరికి అటూఇటుగా వచ్చే జబ్బు.

మిగతా సగం ఇది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేలమంది కుర్రాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1987లో ఒక అధ్యయనం ప్రచురించారు. 18 ఏళ్లకే 50 సార్లకు పైగా గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువ కనిపించింది. యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఘాటైన సరుకు రోజూ తాగేవాళ్లకి సైకోసిస్, అంటే ఇందాక చెప్పిన మతి చెదరడం, వచ్చే అవకాశం దాదాపు అయిదు రెట్లు. మొత్తం తప్పు గంజాయిదేనా, ముందే మనసు బాగాలేనివాళ్లు దాని వైపు వెళ్తున్నారా అని పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరికి ఎక్కువ ప్రమాదమో మాత్రం దాదాపు అందరూ ఒప్పుకుంటారు. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లు, రోజూ తాగేవాళ్లు, ఘాటు ఎక్కువున్న సరుకు వాడేవాళ్లు, రక్తసంబంధీకుల్లో మానసిక జబ్బు ఉన్నవాళ్లు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది కాబట్టి ఈ వయసులో దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఏజెన్సీ నుంచి వచ్చే శీలావతి రకం అంటే గంజాయి తాగేవాళ్లలో ఒక క్రేజ్ ఉంది. హ్యాష్ ఆయిల్, పేపర్లవాళ్లు లిక్విడ్ గంజాయి అని రాస్తారే, అది ఇంకా ఎన్నో రెట్లు ఘాటు. మీవాడు పొగ నుంచి ఆయిల్‌కి మారాడంటే, రోజుకి ఎన్నిసార్లు అన్న లెక్కకంటే ఇదే ముఖ్యమైన సమాచారం.

టెన్షన్ తగ్గుతుందన్న మాటకి కూడా జవాబుంది. మొదట్లో నిజంగానే తగ్గుతుంది. రోజూ తాగడం అలవాటయ్యాక సాయంత్రానికి వచ్చే చిరాకు, దడ చాలావరకు గంజాయి అందక వచ్చేవే. తాగగానే అవి పోతాయి, దాంతో "చూశావా, ఇది లేకపోతే నాకు కుదరదు" అని నమ్మకం కుదురుతుంది.

4. రుజువుల వేట వద్దు

గది సోదా చేయడం, దొంగచాటుగా యూరిన్ టెస్ట్ చేయించడం వల్ల మీకు తెలిసేది తక్కువ, పోయేది ఎక్కువ. ఎప్పుడో ఒకసారి తాగినవాడికి టెస్టులో మూడు నాలుగు రోజులు కనిపిస్తే, రోజూ తాగినవాడికి మానేశాక కూడా నెల దాకా పాజిటివ్ రావచ్చు. నిజంగా మానేసి ఇరవై రోజులైన పిల్లాడిని ఆ కాగితం చూపించి అబద్ధాలకోరు అంటే, మర్నాడే మళ్లీ మొదలుపెడతాడు.

దొరికిన ప్యాకెట్‌ని సాక్ష్యమని బీరువాలో దాచుకోకండి. గంజాయి ఎవరి దగ్గర దొరికితే వాళ్లమీదే కేసు.

5. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం రాయండి

అపాయింట్‌మెంట్ దొరికాక అయిదు పది నిమిషాల్లో అంతా చెప్పాలి. అక్కడ అమ్మ ఏడుస్తుంది, నాన్న తిడతాడు, అసలు విషయం బయటికి రాదు. ఇంటిదగ్గరే ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి ఇంటర్ నుంచి నేటిదాకా నెలలు వేయండి. గీత పైన చదువు, బ్యాక్‌లాగ్‌లు, ప్రేమ గొడవలు, ఇంట్లో చావులు. కింద గంజాయి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు రోజువారీ అయింది, మధ్యలో ఎప్పుడు మానేశాడు. ఇంకో రంగు పెన్నుతో నిద్ర, అనుమానం, దిగులు, కోపం ఎప్పుడు మొదలయ్యాయో గుర్తు పెట్టండి. కుర్రాడినే పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే ఇంకా మంచిది, తారీఖులు వాడికే తెలుసు.

గంజాయికి ముందే రెండేళ్లుగా దిగులుంటే వైద్యం ఒకలా ఉంటుంది, గంజాయి తర్వాత ఆరు నెలలకి అనుమానాలు మొదలైతే ఇంకోలా ఉంటుంది. గంజాయి మానిన నెల తర్వాత కూడా గొంతులు వినిపిస్తున్నాయా లేదా అన్నది డాక్టరుకి చాలా ముఖ్యం.

ఆ కాగితం వెనక ఇంటి చరిత్ర రాయండి. తాతగారి తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లిపోయి ఏమయ్యాడో తెలియదు, పెద్దమ్మ పదేళ్లు గదిలోనే ఉండేది, బాబాయి ఉరేసుకున్నాడు. ఇవన్నీ సంబంధాలు చెడిపోతాయని కప్పిపెట్టిన విషయాలే. డాక్టరు దగ్గర కప్పిపెట్టొద్దు. సిగరెట్, మందు, కల్లు, నిద్రమాత్రలు కూడా చెప్పాలి. గంజాయి ఒక్కసారిగా ఆపితే ప్రాణాలమీదకి రాదు. కానీ రోజూ మందు తాగేవాళ్లు, ఆల్ప్రాజోలమ్ అనే నిద్రమాత్రలు మింగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది కూడా ఈ ఆల్ప్రాజోలమ్మే, అందుకే "కల్లే కదా" అని వదిలేయకండి. తరచూ వాంతులవుతూ, వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతున్నాయంటే అదీ చెప్పండి. ఏళ్ల తరబడి గంజాయి తాగేవాళ్లలో కొందరికి వచ్చే లక్షణమది. అది తెలియక గ్యాస్ట్రిక్ మాత్రలు మింగుతూ తిరుగుతుంటారు.

ముందు దర్గాకో ఆంజనేయస్వామి గుడికో తీసుకెళ్తామంటారా, తీసుకెళ్లండి. ఉదయం గుడికి వెళ్లి సాయంత్రం ఆసుపత్రికి వెళ్లొచ్చు. భూతవైద్యుడికి మూడు అమావాస్యలు కేటాయించడమే తప్పు. పెళ్లి చేస్తే కుదుటపడతాడన్న సలహా ఇచ్చేవాళ్లని, వాళ్ల అమ్మాయినిస్తారేమో అడిగి చూడండి.

6. కేసు భయం, సెంటర్ల బెడద

గంజాయి తాగడం నేరమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకానికో, చిన్న పరిమాణానికో సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో తనంతట తానుగా చికిత్సకి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది, చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. మామూలుగా ఓపీకి వెళ్లి చూపించుకుంటే డాక్టరు పోలీసులకి ఫోన్ చేయడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది.

డీ అడిక్షన్ సెంటర్ వెతుకుతుంటే మూడు విషయాలు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ అయిందా? సైకియాట్రిస్టు ఎన్ని రోజులకోసారి వస్తారు? మేం ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూడొచ్చా? "అడ్రస్ చెప్పండి సార్, రాత్రికి మా కుర్రాళ్లొచ్చి వ్యాన్‌లో ఎక్కించుకెళ్తారు, మూడు నెలలు మీరు ఫోన్ కూడా చేయక్కర్లేదు" అన్నారంటే ఆ నంబరు తీసేయండి. గొలుసులతో కట్టేయడం అదే 2017 చట్టం ప్రకారం నిషేధం. మనిషి ఒప్పుకోని స్థితిలో, తనకో ఇతరులకో ప్రమాదంగా మారినప్పుడు చేర్పించడానికి కూడా పద్ధతుంది. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదటి విడత 30 రోజులకి మించకూడదు. దగ్గర్లో ప్రభుత్వం గుర్తించిన కేంద్రం ఎక్కడుందో 14446 హెల్ప్‌లైన్‌లో చెబుతారు.

7. మానేసిన మొదటి రెండు వారాలు

ఆపిన ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు మొదలవుతుంది. మొదటి వారంలోనే ఎక్కువ. నిద్ర పట్టదు, పట్టినా నిజంలాంటి కలలు, చెమటలు, అన్నం సహించదు, ప్లేటు విసిరికొట్టేంత కోపం. రెండు వారాలకి చాలావరకు తగ్గుతుంది, నిద్ర మాత్రం నెలదాకా కుదరకపోవచ్చు. కలల సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తనకి ఏదో అవుతోందని హడలిపోయి ఒక్క దమ్ము కోసం బయటికి వెళ్తాడు.

మన దగ్గర జాయింట్‌లో, అంటే గంజాయి చుట్టిన సిగరెట్‌లో, పొగాకు కూడా కలుపుతారు. అందువల్ల గంజాయి ఆపినవాడికి నికోటిన్ కూడా ఒకేసారి ఆగిపోతుంది, లేదా గంజాయి మానేసి రోజుకి రెండు ప్యాకెట్ల సిగరెట్లకి ఎక్కుతాడు. నికోటిన్ గమ్ సంగతి డాక్టరుని అడగండి. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకమైన మాత్ర ఇంతవరకు లేదు. నిద్రకీ, ఆందోళనకీ కొద్దిరోజులు మందులిస్తారు. మెడికల్ షాపులో మీరే అడిగి నిద్రమాత్ర కొనకండి, ఒకటి పోయి ఇంకొకటి పట్టుకుంటుంది.

ఈ రెండు వారాలు ఇంట్లో చేయాల్సింది పెద్దగా లేదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, మామూలుగా తాగే సమయంలో, ఎవరైనా తోడుండాలి. చేతికి డబ్బు తక్కువివ్వండి. పాత గ్యాంగ్ వాట్సాప్ గ్రూపులోంచి వాడంతట వాడు బయటికి రావాలి, మీరు ఫోన్ లాక్కుని తీసేస్తే ఇంకో గ్రూపు పుడుతుంది. చల్లటి మజ్జిగ, అరటిపండు, ఏది సహిస్తే అది పెట్టండి. ఎన్ని రోజులైందని రోజూ లెక్క అడగొద్దు.

8. పిల్లాడు అమెరికాలోనో కెనడాలోనో ఉంటే

కెనడాలో 2018 నుంచి గంజాయి చట్టబద్ధం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లోనూ అంతే. అక్కడ షాపులో దొరికే కాన్‌సెంట్రేట్లలో, అంటే గాఢత పెంచిన సరుకులో, మత్తునిచ్చే టీహెచ్‌సీ 60 శాతం పైన ఉంటుంది. మన పొగ లెక్కలేవీ దానికి పనికిరావు. అమెరికాలో రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, వీసా మీదున్నవాళ్లకి అది ఇమిగ్రేషన్ చిక్కు తెచ్చిపెట్టగలదు.

వీడియో కాల్‌లో అనుమానం మాటలు వినిపిస్తే రూమ్మేట్‌తో మాట్లాడి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి పంపించండి. ప్రాణభయముంటే అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయించండి. అమెరికాలో ఎఫ్‌-1 (స్టూడెంట్) వీసా పోతుందని భయపడి చాలామంది జబ్బు దాచి క్లాసులు లాగుతారు. డాక్టరు ఉత్తరంతో వైద్య కారణాలపై కోర్సులు తగ్గించుకోవడానికి వీలుంది, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా. కాకపోతే కోర్సులు వదిలేయక ముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి తీసుకోవాలి.

9. కుదుటపడ్డాక

సైకోసిస్‌కి మందులిచ్చారనుకోండి, ఒలాంజపిన్, రిస్పెరిడోన్ లాంటివి, కొన్ని వారాల్లో మాట తీరు మారుతుంది. దాంతోపాటు బరువు పెరుగుతాడు, పొద్దెక్కేదాకా పడుకుంటాడు. "మందులవల్లే మొద్దులా అయిపోయాడు" అని చుట్టాలంటారు, అప్పుడే మాత్రలు ఆపేస్తారు. ఆపొద్దు. మోతాదు తగ్గించమనో మందు మార్చమనో డాక్టరునే అడగండి. గంజాయివల్ల సైకోసిస్ వచ్చిందని నిర్ధారించిన వాళ్లలో దాదాపు సగం మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియా కోవలోకో బైపోలార్‌ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు) కిందికో వచ్చే జబ్బు బయటపడినట్టు డెన్మార్క్ ఆసుపత్రి రికార్డులు చూపించాయి. కాబట్టి గంజాయి మానేశాడు, కథ అయిపోయింది అని చెకప్‌లు మానకండి. ఇలాంటివాడు సరదాకి ఒక్కసారి అన్నా సరే, మహాశివరాత్రికి భంగైనా సరే, ఇక ముట్టకూడదు.

ఒకసారి జారితే మళ్లీ మొదటికొచ్చిందని ఇల్లు పీకి పందిరేయకండి. ఏ రోజు, ఎవరితో, ఆ ముందు ఏం జరిగిందో అడిగి, రాసిపెట్టి, తర్వాతి అపాయింట్‌మెంట్‌లో చెప్పండి.

కాలేజీ సంగతి వెంటనే చూడండి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి. 65 దాకా పడిపోతే వైద్య కారణాలపై ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకోవచ్చు. దానికి ఆసుపత్రి డిశ్చార్జి కాగితమో మెడికల్ సర్టిఫికెట్టో సెమిస్టర్ నడుస్తుండగానే ఆఫీసులో ఇవ్వాలి, నలుగురిలో జబ్బు పేరు చెప్పుకోనక్కర్లేదు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఈ మాట కుర్రాడికి మొదటే చెప్పి, పోతే పోనీ అనండి. పరీక్షలు పోతాయన్న భయంతోనే చాలామంది మందులు సగంలో ఆపి హాస్టల్‌కి తిరిగెళ్లిపోతారు.